సొంతంగా రాజకీయ పాడ్‌కాస్ట్ మొదలుపెట్టాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

రాజకీయాలు, వర్తమాన వ్యవహారాల మీద సొంతంగా పాడ్‌కాస్ట్ పెట్టాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది మైకుల గురించి, యాప్‌ల గురించి. వాటికీ ఇక్కడ జవాబులున్నాయి. కానీ ఎక్కువ చోటు ఇంకో సంగతికి ఇచ్చాను. పత్రికలో విలేకరి రాసిన వాక్యాన్ని సబ్‌ఎడిటర్ చూస్తారు. అనుమానం వస్తే డెస్క్ ఇన్‌ఛార్జి ఆపుతారు. మరీ సున్నితమైతే లాయరు చదువుతారు. సొంతంగా చేసేవాళ్లకు వీళ్లెవరూ ఉండరు. అన్న మాట అన్నట్టే శ్రోత చెవిన పడుతుంది. ఆ ముగ్గురి పనీ మీరే చేసుకోవాలి. ఎలా చేసుకోవాలన్నదే ఈ పేజీలో సగానికి పైగా.

నేను జర్నలిస్టును కాను. రాజకీయ పాడ్‌కాస్ట్ పెట్టవచ్చా?

పెట్టవచ్చు. 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన 19వ అధికరణం సమాచారాన్ని వెతికే, అందుకునే, అందించే స్వేచ్ఛను ప్రతి మనిషికీ చెప్పింది, విలేకరులకు మాత్రమే కాదు. ఆన్‌లైన్ వార్తలకు మీ దేశంలో రిజిస్ట్రేషన్ లాంటి నిబంధన ఉందేమో ముందే కనుక్కోండి.

మరో వృత్తి నుంచి రావడం లోటేమీ కాదు. టెండరు పత్రం చదవడం వచ్చిన ఇంజనీరు, ఆసుపత్రి లెక్కలు తెలిసిన నర్సు, పాఠ్య పుస్తకాల మార్పులు కళ్లారా చూసిన టీచరు చెప్పగలిగేవి స్టూడియోలో రోజూ కూర్చునే విశ్లేషకులు చెప్పలేరు. అయితే మీరు జర్నలిస్టు కాదు కదా అని చట్టం చూసీచూడనట్టు వదిలేయదు. బాధ్యత మాత్రం పత్రికకు ఎంతో మీకూ అంతే.

ఇన్ని చానళ్లుండగా నా మాట ఎవరు వింటారు?

చానళ్లు చేసే పనే చేస్తే ఎవరూ వినరు. బ్రేకింగ్ న్యూస్‌లో వాళ్లతో పోటీ పడకండి. రికార్డు చేసి, ఎడిట్ చేసి, విడుదల చేసేలోపు ఆ వార్త పాతబడిపోతుంది.

అందరూ మాట్లాడుతూ ఎవరూ చదవని కాగితాలు ఉంటాయి. ఆడిట్ నివేదికలు, తీర్పుల పూర్తి పాఠం, చట్టసభ కమిటీల నివేదికలు, అభ్యర్థుల ఆస్తుల ప్రకటనలు, స్థానిక సంస్థల సమావేశాల మినిట్స్. తీర్పు వచ్చిన సాయంత్రం టీవీలో నలుగురూ అరుచుకునేది మొదటి రెండు పేజీల మీదే. మీరు మొత్తం చదివి, ఏ న్యాయమూర్తి ఏ విషయంలో విభేదించారో, అమలు ఎప్పటి నుంచో, ఏ ప్రశ్నను కోర్టు తేల్చకుండా వదిలేసిందో చెబితే రెండు రోజులు ఆలస్యమైనా వింటారు. ఏడాది తర్వాత కూడా వెతుక్కుని వింటారు.

ఒకే అంశాన్ని వదలకుండా పట్టుకోవడం ఇంకో దారి. నీళ్లు, భూమి, పోలీసు వ్యవస్థ, విద్యుత్తు, ఏదో ఒకటి. ఆరు నెలలకు ఆ రంగంలోని వాళ్లే మీకు ఫోన్ చేయడం మొదలవుతుంది.

తటస్థంగా ఉండాలా? నా అభిప్రాయం చెప్పకూడదా?

చెప్పండి. గోడమీద పిల్లిలా కూర్చున్న కార్యక్రమం ఎవరికీ ఉపయోగపడదు. కానీ ఇది తేలిన విషయం, ఇది ఫలానావాళ్లు అంటున్నది, ఇది నా అభిప్రాయం అని శ్రోతకు విడివిడిగా తెలియాలి. రాతలోనైతే సంపాదకీయానికి వేరే పేజీ ఉంటుంది. ఆడియోలో అన్నీ ఒకే గొంతులో, ఒకే ఊపులో వెళ్లిపోతాయి. అందుకని నోటితోనే చెప్పాలి: "ఇక్కడి దాకా నివేదికలో ఉన్నది. ఇకపై నేననుకునేది."

మీకు ఏదైనా పార్టీతో, సంఘంతో, సంస్థతో సంబంధం ఉంటే అదీ ముందే చెప్పండి. బంధువు పదవిలో ఉన్నా చెప్పండి. మీరు చెబితే అది ఒక సమాచారం, వేరేవాళ్లు బయటపెడితే ఆరోపణ.

అలాగని ప్రతి విషయంలో ఇద్దరిని కూర్చోబెట్టి చెరి సగం సమయం ఇవ్వడం న్యాయం కాదు. వరద వచ్చిందని ఒకరు, రాలేదని ఇంకొకరు అంటుంటే ఇద్దరికీ మైకు ఇవ్వడం కాదు మీ పని, వెళ్లి చూసి రావడం.

ఎంత నిడివి ఉండాలి? వారానికి ఎన్ని?

విషయం ఎంతసేపు నిలబడితే అంతసేపు. మీరొక్కరే మాట్లాడితే ఇరవై నిమిషాలు దాటడం కష్టం. ఇద్దరి సంభాషణ నలభై దాకా సాగుతుంది. ఒక్కరే పరిశోధన, రికార్డింగ్, ఎడిటింగ్ చేసుకుంటుంటే వారానికి ఒకటే ఎక్కువ. పక్షానికి ఒకటి చాలా గౌరవమైన వేగం. చాలా పాడ్‌కాస్ట్‌లు మొదటి పది ఎపిసోడ్లలోపే ఆగిపోయేది శ్రోతలు లేక కాదు, చేసేవాళ్లు అలసిపోయి.

ఎప్పటికైనా పనికొచ్చే ఎపిసోడ్లు ఒకటి రెండు సిద్ధం చేసి పక్కన పెట్టుకోండి. అవిశ్వాస తీర్మానం ఎలా నడుస్తుంది, నియోజకవర్గాల సరిహద్దులు ఎవరు గీస్తారు లాంటివి. జ్వరం వచ్చిన వారం అవే ఆదుకుంటాయి.

ప్రతి ఎపిసోడ్ మొదట్లో రికార్డు చేసిన తేదీ చెప్పడం అలవాటు చేసుకోండి. రికార్డింగ్‌కూ విడుదలకూ మధ్య మంత్రి రాజీనామా చేయవచ్చు.

ఏ పరికరాలు కొనాలి?

ఒక యూఎస్‌బీ డైనమిక్ మైకు, చెవులను పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు. మొదలుపెట్టడానికి ఇవి చాలు. కండెన్సర్ మైకు స్పష్టంగా ఉంటుంది గానీ గదిలో ఫ్యాను, వీధిలో హారన్, పక్కింటి టీవీ అన్నీ పట్టేస్తుంది. మామూలు గదిలో డైనమిక్ నయం. నోటికి నాలుగు వేళ్ల దూరంలో, కాస్త పక్కకు పెట్టుకుంటే ప, బ, ఫ పలికేటప్పుడు గాలి తగలదు.

డబ్బు మైకు మీద కంటే ముందు గది మీద పెట్టండి. ఖాళీ గోడల గదిలో ఎంత ఖరీదైన మైకైనా బావిలోంచి మాట్లాడినట్టే ఉంటుంది. బట్టల అలమరా తెరిచి దాని ముందు కూర్చోండి, వెనక ఒక దుప్పటి వేలాడదీయండి. దీనికి ఖర్చే లేదు.

అతిథి వేరే చోట ఉంటే కాల్ ఆడియోను నమ్ముకోకండి. వాళ్ల గొంతు వాళ్ల ఫోన్‌లోనే రికార్డు చేయించి ఫైలు పంపమనండి. మొదట్లో ఇద్దరూ ఒకేసారి చప్పట్లు కొడితే తర్వాత రెండు ట్రాకులు కలపడం తేలిక.

ఎడిటింగ్ ఎలా? సౌండ్ లెవెల్స్ ఎంత ఉండాలి?

ఆడాసిటీ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితం, అది చాలు. రికార్డు చేసేటప్పుడు గొంతు గరిష్ఠంగా మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉండేలా చూసుకోండి. పూర్తయిన ఫైలు ఆపిల్ సూచించినట్టు మైనస్ 16 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కు (మొత్తం ఫైలు ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) అటూ ఇటూగా ఉంటే శ్రోత వాల్యూమ్ మాటిమాటికీ మార్చుకోనక్కర్లేదు. ఒక్క గొంతే ఉంటే మోనోలో (ఒకే చానల్‌లో), 64 కేబీపీఎస్ ఎంపీ3గా ఇవ్వండి. గంట ఎపిసోడ్ సుమారు 29 ఎంబీ అవుతుంది. డేటా పొదుపుగా వాడుకునేవాళ్లు కూడా వినగలుగుతారు.

సాంకేతిక సంగతి అంతే. రాజకీయ పాడ్‌కాస్ట్‌లో అసలు ఎడిటింగ్ కత్తెర ఎక్కడ పెట్టాలన్నది. అతిథి ఇలా అన్నారనుకోండి: "ఆ నిర్ణయం సరైనదేనండీ, కాకపోతే అమలు చేసిన తీరు చాలా దారుణం, పేదవాళ్లు నలిగిపోయారు." నిడివి తగ్గించాలని "సరైనదేనండీ" దగ్గర కోస్తే ఆయన ప్రభుత్వాన్ని సమర్థించినట్టు. "కాకపోతే" తర్వాత నుంచి ఉంచితే పూర్తిగా వ్యతిరేకించినట్టు. రెండు చోట్లా ఆయన మాటలే, ఆయన గొంతే. వాక్యం ఉంచితే మొత్తం ఉంచండి, లేదా మొత్తం తీసేయండి. ఒక ప్రశ్నకు ఇచ్చిన జవాబును ఇంకో ప్రశ్న కింద ఎన్నడూ అతికించకండి. తడబాట్లు, దగ్గులు, "అంటే ఏంటంటే" లాంటివి తీయవచ్చు. కానీ కష్టమైన ప్రశ్న తర్వాత మంత్రి తీసుకున్న ఐదు సెకన్ల మౌనం కూడా ఒక జవాబే, దాన్ని ఉంచండి.

ఎడిట్ చేయని అసలు ఫైలును భద్రంగా దాచండి. "నేను అలా అనలేదు" అన్న రోజున మిమ్మల్ని కాపాడేది అదొక్కటే.

ఫ్యాక్ట్ చెక్ ఒక్కరే ఎలా చేసుకోవాలి?

రాసిన రోజే చేయకండి. ఒక రాత్రి గడిచాక, స్క్రిప్టు కాగితం మీద తీసి, ప్రతి వాక్యం పక్కన అది ఎక్కడి నుంచి వచ్చిందో రాయండి. పత్రమైతే పేజీ నంబరు, మనిషైతే పేరు, తేదీ, మీ అభిప్రాయమైతే "నాది" అని. పక్కన ఏమీ రాయలేని వాక్యాలు కొన్ని తేలతాయి. వాటిని కొట్టేయండి, లేదా ఆధారం వెతకండి. ఎక్కడో విన్నాను అన్నది ఆధారం కాదు.

ఒక వాక్యం తీసుకుని చూద్దాం. "ఈసారి బడ్జెట్‌లో ప్రభుత్వం చదువులకు నిధులు తగ్గించింది." వినడానికి సూటిగా ఉంది. కానీ దేనితో పోలిస్తే తగ్గింది? నిరుటి కేటాయింపుతోనా, ఏడాది మధ్యలో సవరించిన అంచనాతోనా, చివరికి నిజంగా ఖర్చయిన మొత్తంతోనా? ఈ మూడూ మూడు వేర్వేరు అంకెలు. తగ్గింది మొత్తమా, బడ్జెట్‌లో వాటానా? కేటాయింపు నాలుగు శాతం పెరిగి, ధరలు ఆరు శాతం పెరిగితే పెరిగిందన్నా నిజమే, తగ్గిందన్నా నిజమే. పాలకపక్షం మొదటిది చెబుతుంది, ప్రతిపక్షం రెండోది చెబుతుంది. ఇద్దరూ అబద్ధం ఆడడం లేదని, ఇద్దరూ సగమే చెబుతున్నారని వివరించాల్సింది మీరు. ఇక "చదువులు" అంటే పాఠశాలలా, విశ్వవిద్యాలయాలా? ఏ శాఖ పద్దులో ఉన్నాయి? నిరుడు వేరే శాఖ కింద ఉన్న పథకం ఈ ఏడాది ఇటు మారిందా?

ఇవన్నీ చూశాక వాక్యం ఇలా మారుతుంది: "పాఠశాలలకు ఈసారి కేటాయించింది నిరుటి కేటాయింపు కంటే కాస్త ఎక్కువ, కానీ పెరిగిన ధరలు లెక్కేస్తే తక్కువ." పొడుగైంది, పదును కొంచెం తగ్గింది. కానీ ఎవరూ పడగొట్టలేరు. నాకు ఈ రెండో వాక్యమే ఇష్టం.

మీరు చూపించే ప్రతి వెబ్‌పేజీని ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో (వెబ్‌పేజీల నకళ్లు దాచే సైటు) సేవ్ చేసి, స్క్రీన్‌షాట్ కూడా తీసుకోండి. ప్రకటనలు మారిపోతాయి, పోస్టులు మాయమవుతాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు.

వాట్సాప్‌లో ఒక నేత ఆడియో వైరల్ అవుతోంది. వినిపించవచ్చా?

ఎవరి గొంతో వినగానే గుర్తుపట్టేశాం అన్న ధీమా ఇప్పుడు పనికిరాదు. 2023 సెప్టెంబరులో స్లొవేకియా ఎన్నికలకు రెండు రోజుల ముందు, ప్రోగ్రెసివ్ స్లొవేకియా పార్టీ నేత మిఖాల్ షిమెచ్కా ఒక విలేకరితో ఎన్నికల్లో అక్రమాల గురించి మాట్లాడుతున్నట్టు ఒక ఆడియో బయటికొచ్చింది. నకిలీదని ఇద్దరూ ఖండించారు. అప్పటికే ప్రచార విరామం మొదలైంది కాబట్టి ఖండన జనంలోకి వెళ్లడం కష్టమైంది. 2024 జనవరిలో అమెరికాలోని న్యూ హాంప్‌షైర్‌లో జో బైడెన్ గొంతును అనుకరించిన ఫోన్ కాల్స్ ప్రైమరీలో (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో) ఓటు వేయొద్దని చెప్పాయి. చేయించిన రాజకీయ సలహాదారుకు అమెరికా ఫెడరల్ కమ్యూనికేషన్ల కమిషన్ 60 లక్షల డాలర్ల జరిమానా వేసింది.

కాబట్టి ముందు మూడు ప్రశ్నలు: ఎవరు రికార్డు చేశారు, మొదట ఎవరు పెట్టారు, కోతలు లేని పూర్తి రికార్డింగ్ ఎక్కడుంది? మెసేజింగ్ యాప్‌లో చేతులు మారిన ఫైలు కుదించబడి ఉండవచ్చు. అసలు రికార్డింగ్ తాలూకు ఆనవాళ్లు పోవచ్చు. మొదటి ఫైలు కావాలని అడగండి. ఆ నేత కార్యాలయాన్ని అడగండి. జవాబులు దొరక్కపోతే వినిపించకండి. "నిజమో కాదో మీరే తేల్చుకోండి" అంటూ వినిపించడం మరీ తప్పు. తేల్చే అవకాశం మీకే లేనప్పుడు శ్రోతకు ఎక్కడిది?

రాజకీయ నాయకులు ప్రశ్నలు ముందే పంపమంటున్నారు. పంపాలా?

అంశాలు పంపండి, ప్రశ్నలు వద్దు. "నీటి ప్రాజెక్టు, భూసేకరణ, మీ శాఖ బడ్జెట్" అంటే చాలు. లెక్కలు అడగబోతుంటే మాత్రం ఏ పత్రం గురించో చెప్పడం మంచిది. లేకపోతే "చూసి చెబుతాను" అనే జవాబుతో ఇంటర్వ్యూ అయిపోతుంది. ఎడిట్ అయ్యాక వినిపించి ఒప్పుకోలు తీసుకోవాలన్న షరతుకు ఎట్టి పరిస్థితుల్లోనూ ఒప్పుకోకండి. ఆ షరతు మీద వచ్చే పెద్ద పేరు కంటే, షరతులు లేకుండా వచ్చే వార్డు సభ్యుడు మేలు.

జవాబు దాటవేస్తే గొంతు పెంచకండి. అదే ప్రశ్నను ఇంకా చిన్నగా చేసి అడగండి. "ప్రాజెక్టు ఆలస్యానికి కారణమేంటి?" అంటే గత ప్రభుత్వం దగ్గర మొదలుపెడతారు. "పోయిన జూన్‌లో కాంట్రాక్టరుకు గడువు పొడిగించిన ఫైలు మీద సంతకం మీదేనా?" అంటే అవును, కాదు తప్ప మూడో దారి లేదు. రెండోసారీ దాటవేస్తే, "ఈ ప్రశ్నకు జవాబు రాలేదు, ముందుకు వెళ్దాం" అని మైకులోనే చెప్పి సాగిపోండి.

పేరు బయటపెట్టొద్దని ఒక ఉద్యోగి సమాచారం ఇస్తున్నారు. ఎలా వాడుకోవాలి?

షరతులు మాట్లాడుకున్నాకే సమాచారం వినండి. పేరుతో సహా చెప్పవచ్చా, పేరు లేకుండా "ఆ శాఖ అధికారి" అనవచ్చా, లేక అసలు ప్రస్తావించకుండా మీ అవగాహన కోసం మాత్రమేనా? "ఆఫ్ ద రికార్డ్" అన్న మాటకు ఒక్కొక్కరు ఒక్కో అర్థం చెబుతారు. అందుకే ఆ మాట మీద వదిలేయకుండా ఏం వాడతారో, ఏం వాడరో విడమరిచి ఒప్పుకోండి.

గొంతు మార్చి వినిపిస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. సరిపోదు. పిచ్ మార్చిన గొంతును చాలావరకు వెనక్కి తిప్పవచ్చు. పైగా మాటతీరు, యాస, ఊతపదం, వెనక వినిపించే రైలు కూత కూడా మనిషిని పట్టిస్తాయి. ఆ మాటల సారాన్ని మీ మాటల్లో రాసి వేరొకరితో చదివించండి, అలా చదివించామని శ్రోతలకు చెప్పండి. రికార్డు చేయకుండా రాసుకుంటే ఇంకా మంచిది. మాట్లాడుకోవడానికి సిగ్నల్ లాంటి ఎన్‌క్రిప్షన్ ఉన్న యాప్ వాడండి, మెసేజీలు వాటంతటవే చెరిగిపోయేలా పెట్టండి. ఆఫీసు ఫోన్, ఆఫీసు ఈమెయిల్ నుంచి మీతో మాట్లాడొద్దని మొదటి రోజే వాళ్లకు చెప్పండి. ఆ సమాచారం ఎంతమందికి తెలిసే అవకాశం ఉందో కూడా అడగండి. ముగ్గురికే తెలిసిన విషయమైతే పేరు దాచినా దాచినట్టు కాదు.

మీకొక ఎపిసోడ్ పోతే ఇంకోటి చేసుకోవచ్చు. వాళ్లకు పోయేది ఉద్యోగం.

పరువునష్టం కేసులు పడతాయేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

చట్టాలు దేశానికో తీరుగా ఉంటాయి. కొన్నిచోట్ల పరువునష్టం సివిల్ దావా మాత్రమే, కొన్నిచోట్ల జైలుశిక్ష పడే నేరం కూడా. మీ చోటి చట్టం తెలిసిన లాయరుతో ఒక్కసారైనా మాట్లాడి పెట్టుకోండి, గొడవ వచ్చాక వెతుక్కోవడం కాకుండా. అయితే ఎక్కడైనా పనికొచ్చే జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి.

ఎవరి మీదైనా తీవ్రమైన ఆరోపణ చేసేముందు, వాళ్లకు ఆ ఆరోపణ స్పష్టంగా రాసి పంపి, జవాబుకు సరిపడా సమయం ఇవ్వండి. శుక్రవారం రాత్రి మెయిల్ పెట్టి శనివారం పొద్దున విడుదల చేసి "స్పందించలేదు" అనడం మర్యాద కాదు, కోర్టులోనూ నిలబడదు. జవాబు వస్తే దాన్ని న్యాయంగా చదవండి.

"ఆరోపణలు వినిపిస్తున్నాయి", "జనం అనుకుంటున్నారు" అనే ముసుగులు చాలా దేశాల్లో రక్షణ ఇవ్వవు. ఇతరుల నింద మీరు తిరిగి చెబితే మీరే అన్నట్టు. నిప్పు లేనిదే పొగ రాదన్న సామెత జడ్జి ముందు ఆధారం కాదు. అరెస్టయినవాళ్లను దోషులు అనకండి. "అవినీతిపరుడు" అనే బదులు ఏం జరిగిందో చెప్పండి: ఏ తేదీన, ఏ ఫైలు, ఎవరికి ఎంత. విశేషణం మీ మెడకు చుట్టుకుంటుంది, వివరం మిమ్మల్ని కాపాడుతుంది.

స్క్రిప్టు ఉన్నప్పుడు ఇవన్నీ పాటించడం తేలిక. నోరు జారేది సరదా సంభాషణలోనే. అందుకే ఎడిటింగ్‌లో కబుర్ల భాగాన్ని మరింత జాగ్రత్తగా వినండి. లైంగిక దాడి బాధితులు, పిల్లలు గుర్తుపట్టేలా ఏ వివరమూ రాకూడదు. పోలింగ్ దగ్గరపడ్డాక సర్వేలు, ప్రచారం మీద చాలా దేశాల్లో ఆంక్షలుంటాయి, తేదీలు చూసుకోండి. ఫోన్ కాల్ రికార్డు చేస్తుంటే ఆ సంగతి చెప్పి, వాళ్ల అంగీకారం కూడా రికార్డయ్యేలా చూసుకోండి.

సినిమా పాటలు, టీవీ క్లిప్పులు వాడుకోవచ్చా?

పాటలు వద్దు. పది సెకన్లయితే ఫరవాలేదు, ముప్ఫై సెకన్లయితే ఫరవాలేదు అనే మాటలకు చాలా దేశాల చట్టాల్లో ఆధారం లేదు. క్రియేటివ్ కామన్స్ సంగీతం (సొంతదారులు కొన్ని షరతులతో ఉచితంగా వాడుకోనిచ్చేది) వాడితే లైసెన్సు చదవండి. వాణిజ్యేతర వాడకానికే అన్నది ప్రకటనలున్న పాడ్‌కాస్ట్‌కు కుదరదు. స్వరకర్త పేరు చెప్పమంటే చెప్పాలి.

నేతల ప్రసంగం, చర్చలో ఒక ముక్క వినిపించి దాన్ని విశ్లేషించడం వేరు. దీనికి చాలా దేశాల చట్టాల్లో కొంత వెసులుబాటు ఉంది. చిన్నదిగా ఉంచండి, ఎక్కడిదో చెప్పండి, వెంటనే దాని గురించే మాట్లాడండి.

ఎక్కడ పెట్టాలి? యూట్యూబ్ ఒక్కటి సరిపోదా?

యూట్యూబ్‌లో పెట్టండి, కానీ అక్కడొక్కచోటే పెట్టకండి. పాడ్‌కాస్ట్ అంటే ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్, అంటే మీ ఎపిసోడ్ల జాబితాను యాప్‌లకు అందించే ఒక ఇంటర్నెట్ ఫైలు. అది ఏ కంపెనీ సొత్తూ కాదు. మీ ఆడియో ఫైళ్లను దాచి శ్రోతలకు అందించే హోస్టింగ్ సంస్థ ఆ ఫీడ్ తయారుచేస్తుంది, దాని చిరునామాను ఆపిల్ పాడ్‌కాస్ట్స్, స్పాటిఫై లాంటి యాప్‌లకు మీరు ఒక్కసారి ఇస్తారు. తర్వాత ఎపిసోడ్లు వాటంతటవే చేరతాయి. 2024లో గూగుల్ తన పాడ్‌కాస్ట్ యాప్‌ను మూసేసింది. అక్కడ వినేవాళ్లు అదే ఫీడ్‌ను వేరే యాప్‌లో తెరుచుకున్నారు. పాడ్‌కాస్ట్ చేసేవాళ్లు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టనక్కర్లేకపోయింది. రాజకీయాలు మాట్లాడేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. మూకుమ్మడి ఫిర్యాదులతో ఒక ఖాతాను ఆపించవచ్చు గానీ, ఫీడ్ మీ చేతిలో ఉంటే శ్రోతలు మీతోనే ఉంటారు.

హోస్టింగ్ ఎంచుకునేటప్పుడు అడగాల్సింది: రేపు నేను వెళ్లిపోతే ఫీడ్‌ను శాశ్వతంగా కొత్త చిరునామాకు మళ్లిస్తారా? మళ్లించం అంటే ఎంత చవకైనా వద్దు. సొంత డొమైన్ (వెబ్ చిరునామా) కొనుక్కుని ఫీడ్‌ను దాని మీద పెట్టుకోగలిగితే ఇంకా మంచిది.

కవర్ బొమ్మ చదరంగా, 3000 పిక్సెళ్లు ఉండాలి. ఫోన్‌లో గోరంత కనిపిస్తుంది కాబట్టి పేరు మాత్రం పెద్ద అక్షరాల్లో రాయండి, పార్లమెంటు బొమ్మ, జెండా, మైకు అన్నీ ఇరికించకండి. పేరును తెలుగు లిపిలోనూ, ఇంగ్లిష్ లిపిలోనూ వెతుకుతారు. వివరణలో రెండూ ఉంచండి.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? స్వతంత్రంగా ఉంటూ సంపాదించడం సాధ్యమా?

మొదటి ఏడాది ఏమీ రాదనుకునే లెక్క వేసుకోండి. నెలనెలా శ్రోతలిచ్చే చిన్న మొత్తాలు అన్నిటికంటే నమ్మకమైనవి. వందమంది తలా కొంచెం ఇస్తే ఎవరో ఒకరు అలిగి మానేసినా మీ నోరు నొక్కలేరు. ఒకే స్పాన్సరు మొత్తం ఖర్చు భరిస్తుంటే, ఆ కంపెనీ పేరు వార్తల్లోకి వచ్చిన వారం మీకు తెలియకుండానే వేరే అంశం ఎంచుకుంటారు.

పార్టీల నుంచి, అభ్యర్థుల నుంచి, వాళ్ల ప్రచార సంస్థల నుంచి తీసుకోకండి. డబ్బు తీసుకుని చేసే ఇంటర్వ్యూను ఇంటర్వ్యూ అనకండి. డబ్బు ఎవరిస్తున్నారో వెబ్‌సైట్‌లో పెట్టండి, వాళ్ల ప్రస్తావన వచ్చిన ఎపిసోడ్‌లో నోటితోనూ చెప్పండి.

చాలామంది గమనించని సంగతి ఒకటుంది. హోస్టింగ్ సంస్థ ఆటోమేటిక్‌గా చొప్పించే ప్రకటనలు ఒప్పుకుంటే, మీరు విమర్శిస్తున్న పార్టీ ప్రకటనే మీ ఎపిసోడ్ మధ్యలో రావచ్చు. పొగుడుతున్న పార్టీది వస్తే ఇంకా ఘోరం. సెట్టింగుల్లో రాజకీయ ప్రకటనల విభాగాన్ని ఆపేయండి. అలా ఆపే వీలు లేకపోతే ఆ ప్రకటనలే వద్దు.

తప్పు చెప్పామని తర్వాత తెలిస్తే?

వెంటనే సరిచేయండి. ఆడియోలో ఒక చిక్కుంది. ఫైలు మార్చి మళ్లీ పెట్టినా, అప్పటికే ఫోన్లలోకి దిగిన పాత ఫైలు అలాగే ఉంటుంది. అందుకే మూడు చోట్ల చేయాలి. ఫైలు సరిచేసి, మార్చామని అందులోనే చెప్పాలి. ఎపిసోడ్ వివరణలో తేదీతో రాయాలి. తర్వాతి ఎపిసోడ్ మొదట్లో, చివర్లో కాదు, చదవాలి. ఏం తప్పు చెప్పామో, ఏది సరైనదో, రెండు వాక్యాలు చాలు. పొడుగాటి సంజాయిషీ అక్కర్లేదు. చప్పుడు లేకుండా ఫైలు మార్చేయడం మాత్రం చేయకూడదు. పాత ఫైలు ఉన్నవాళ్లు దాన్ని పక్కన పెట్టి చూపిస్తారు, ఆ తర్వాత మీరు సరిగ్గా చెప్పినవి కూడా ఎవరూ నమ్మరు.

డౌన్‌లోడ్లు ఎన్ని ఉంటే బాగా నడుస్తున్నట్టు?

డౌన్‌లోడ్ అంటే విన్నట్టు కాదు. ఆన్‌లైన్ ప్రకటనల రంగ సంఘమైన ఐఏబీ ప్రమాణం ప్రకారం కనీసం ఒక నిమిషం ఆడియో దిగితే ఒక డౌన్‌లోడ్, 24 గంటల్లో అదే పరికరం నుంచి ఎన్నిసార్లు దిగినా ఒకటే. 2023లో ఐఫోన్ల సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 17 వచ్చాక ఆపిల్ యాప్ పాత ఎపిసోడ్లను వాటంతటవే దింపడం తగ్గించింది. చాలా పాడ్‌కాస్ట్‌ల అంకెలు పడిపోయాయి, వినేవాళ్లు మాత్రం అంతమందే. ఎంతమంది చివరిదాకా విన్నారో చూడండి. ఎక్కడ వదిలేస్తున్నారో ఆపిల్, స్పాటిఫై రెండూ చూపిస్తాయి. ఆ నిమిషం దగ్గర మళ్లీ మీరే వినండి.

బెదిరింపులు, ట్రోలింగ్ ఎలా తట్టుకోవాలి?

ముందు జాగ్రత్తలు మొదటి ఎపిసోడ్‌కు ముందే. డొమైన్ రిజిస్ట్రేషన్‌లో ఇంటి చిరునామా కనిపించకుండా ప్రైవసీ పెట్టుకోండి. పాడ్‌కాస్ట్ ఫీడ్‌లో యజమాని ఈమెయిల్ బయటికి కనిపించవచ్చు, దానికి విడిగా ఒకటి తెరవండి. అన్ని ఖాతాలకూ రెండంచెల లాగిన్ పెట్టండి. విమర్శకూ బెదిరింపుకూ తేడా చూడండి. విమర్శ చదవండి, ఒక్కోసారి అందులో మీకు తెలియని విషయం ఉంటుంది. బెదిరింపును చెరిపేయకుండా స్క్రీన్‌షాట్ తీసి దాచండి, ఇంట్లోవాళ్లకు చెప్పండి, అవసరమైతే ఫిర్యాదు చేయండి. ఒంటరిగా మోయకండి.

ఏఐ వాడుకోవచ్చా?

ఆడియోను అక్షరాల్లోకి మార్చడానికి, నాయిస్ తీయడానికి వాడండి. పేర్లు, అంకెలు, "కాదు", "లేదు" అన్న మాటలు వచ్చినచోట మాత్రం ఆడియో విని సరిచూడండి. తెలుగులో ఆ చిన్న మాట వాక్యం చివర వస్తుంది, అది జారిపోతే అర్థమే తిరగబడుతుంది. పరిశోధనకు అది ఇచ్చిన జవాబును ఆధారంగా రాసుకోకండి, అసలు పత్రం తెరవండి. నిజమైన నేతల గొంతును తయారుచేసి మాట్లాడించడం వ్యంగ్యానికైనా వద్దు. ఆ ముక్క కోసి ఎవరో వేరేచోట పెడతారు, మీ వివరణ దాని వెంట వెళ్లదు.

కొన్నాళ్లకు ఆపేయాలనిపిస్తే?

ఆపవచ్చు. చివరి ఎపిసోడ్ అని చెప్పి ఆపండి. పాత ఎపిసోడ్లు తీసేయకండి, ఒక ఎన్నికల కాలాన్ని ఎలా మాట్లాడుకున్నారో వెతికేవాళ్లకు అవి పనికొస్తాయి. హోస్టింగ్ ఖర్చు భారమైతే ఫైళ్లను ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టవచ్చు. మీ సోర్సులకు సంబంధించిన కాగితాలు, మెసేజీలు మాత్రం ఇచ్చిన మాట ప్రకారం చెరిపేయండి. కేసు ఏదైనా నడుస్తుంటే లాయరును అడిగాకే. డొమైన్‌ను ఇంకొన్నేళ్లు రెన్యూ చేస్తూ ఉండండి. గడువు తీరిన డొమైన్లను కొని వాడుకునేవాళ్లు ఉంటారు. మీ శ్రోతలకు అలవాటైన చిరునామా మీద రేపు ఏ పార్టీ ప్రచారమో నడవవచ్చు.